ట్యాంకు పని కింద నుంచి మొదలవుతుంది: క్లాసిక్ 350కి చేత్తో చేసిన అల్యూమినియం బాడీ

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బ్యురేటర్ ఉన్న పాత మోడల్. ఇంజన్ 346 సి.సి., సింగిల్ సిలిండర్, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90. కర్ణాటక రిజిస్ట్రేషన్, ఆర్.సి.లో రంగు నలుపు. ఓనర్ హిందూపురం కుర్రాడు, ఉద్యోగం బెంగళూరులో. కఫే రేసర్ తరహాలో సన్నగా పొడవుగా ఉండే ట్యాంకు, ఒంటి సీటు, దాని వెనక గుండ్రటి తోక కావాలన్నాడు. ట్యాంకు, తోక రెండూ అల్యూమినియం షీటుతో, చేత్తో కొట్టి చేసినవే ఉండాలి. ఫైబర్ వద్దు, పుట్టీ వద్దు.

బెంగళూరులో పీణ్య దగ్గర ఉన్న మా చిన్న షాపుకి అతను వచ్చేనాటికే ఈ పని ఒకసారి జరిగిపోయింది. వేరే చోట అల్యూమినియం ట్యాంకు చేయించుకున్నాడు. చూడ్డానికి అది బాగానే ఉంది. పైన వంపులు, మోకాళ్ళ దగ్గర నొక్కు, మెరుగు అన్నీ శ్రద్ధగా చేశారు. కొన్ని నెలలకే కింద నుంచి పెట్రోలు చెమర్చడం మొదలైంది. అతికించారు, మళ్ళీ పగిలింది. ఇంకోసారి అతికిస్తే ఆ పక్కనే పగిలింది. వేడి ఇంజన్ మీద పెట్రోలు బొట్లు పడుతుంటే నడిపే మనిషికి ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

“అన్నా, ఇంకాస్త మందంగా వెల్డింగ్ చేస్తే నిలబడదా?” అని అడిగాడు.

నిలబడదు. ఎందుకు నిలబడదో వివరంగా చెప్పాలనే ఈ కేసు రాస్తున్నాను. చేత్తో చేసిన ట్యాంకుల గురించి మనవాళ్ళు మాట్లాడుకునేదంతా పైన కనపడే ఆకారం గురించే. ఆ ట్యాంకు ఎన్నాళ్ళు ఉంటుందనేది మాత్రం కింద, ఫ్రేము గొట్టం మీద అది కూర్చునే చోట తేలుతుంది. ఈ బండి పని మొత్తం ఆ లెక్కనే చేశాం.

పగులు ఎక్కడ పుట్టింది

పాత ట్యాంకుని ముందు బాగా కడిగి, ఆరబెట్టి, పెట్రోలు వాసన పూర్తిగా పోయాక బల్ల మీదికి తెచ్చాం. డై పెనెట్రెంట్ అని మూడు స్ప్రే డబ్బాల పరీక్ష ఒకటుంది. మొదటి డబ్బాతో మురికి తుడవాలి. రెండోది ఎర్ర రంగు. అది కొట్టి కాసేపు వదిలేస్తే కంటికి ఆనని పగుళ్ళలోకి కూడా దిగుతుంది. పైపై రంగుని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూడో డబ్బాలోని తెల్ల పొడి పల్చగా కొడితే, లోపల మిగిలిన ఎరుపుని ఆ పొడి పీల్చుకుంటుంది. తెల్లటి మీద ఎర్ర గీత తేలుతుంది. ఓనర్‌ని పక్కన నిలబెట్టుకునే ఈ పరీక్ష చేశాను. మాటలతో చెప్పేదానికన్నా ఆ గీత చూస్తే త్వరగా అర్థమవుతుంది.

గీత వెల్డింగ్ మధ్యలో లేదు. వెల్డింగ్ పూస షీటుని కలిసే అంచున, బ్రాకెట్ మూల దగ్గర మొదలై షీటులోకి పాకింది. 3 మిల్లీమీటర్ల పట్టీని 1.5 మిల్లీమీటర్ల షీటుకి నేరుగా అతికించి, ఆ పట్టీని ఫ్రేముకి బోల్టుతో బిగించారు. మధ్యలో రబ్బరు ఉంది గానీ, బోల్టు బిగింపుకి నలిగి పలకలాగా గట్టిపడిపోయింది.

ఇక్కడ మూడు సంగతులు కలిశాయి. మొదటిది, ఈ పాత ఇంజన్‌లో అదురుని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లోని 349 సి.సి. ఇంజన్‌కి ఆ సదుపాయం ఉంది, పాతదానికి లేదు. పైగా పాత ఫ్రేములో ఇంజన్ కూడా ఫ్రేములో ఒక భాగంగా బరువు మోస్తుంది, అంటే పిస్టన్ అదురంతా నేరుగా పైగొట్టానికి చేరుతుంది. రెండోది అల్యూమినియం స్వభావం. ఉక్కుకి ఒక హద్దుంది, ఆ హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. చిన్న అదురే అయినా లక్షలసార్లు తగిలితే ఎప్పటికో ఒకప్పటికి పగులుతుంది. మూడోది, మందపాటి గట్టి ముక్క సన్నటి షీటుకి హఠాత్తుగా తగలడం. అదురంతా ఆ సరిహద్దు గీత దగ్గరే పోగవుతుంది. వెల్డింగ్ వేడికి అక్కడి షీటు ముందే మెత్తబడి ఉంటుంది.

అందుకే మందంగా వెల్డింగ్ చేసేకొద్దీ ఆ చోటు కొంచెం కూడా వంగకుండా ఇంకా బిగుసుకుపోయి, పగులు పక్కకి జరుగుతుంది. రెండోసారి అతికించినప్పుడు జరిగింది అదే. ఆ ట్యాంకుని బాగుచెయ్యడం మానేసి కొత్తది చేద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆర్.సి. సంగతి

షీటు కొనకముందే ఓనర్‌తో మాట్లాడే విషయం చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకీ ఆర్.సి.లో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు చేస్తే ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని రాశారు. ఇది తెలియకుండా ఫ్రేము కోయించుకుని ఆ తర్వాత బాధపడే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు.

మా పద్ధతి ఏంటంటే, ఫ్రేము మీద గ్రైండర్ పెట్టం, వెల్డింగ్ పెట్టం. ఇంజన్, ఛాసిస్ నంబర్ల జోలికి పోం. వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, మారదు. కొత్త బాడీ అంతా బోల్టులతో ఎక్కాలి, బోల్టులతో దిగాలి. కంపెనీ ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి ఓనర్‌కి అప్పజెబుతాం. ఎప్పుడు కావాలన్నా బండి పాత రూపానికి రావాలి. ఇలా చేసినంత మాత్రాన చట్టం ముందు అన్నీ సరిపోయినట్టు కాదని, రోడ్డు మీద బాధ్యత ఓనర్‌దేనని కూడా స్పష్టంగా చెబుతాం.

రంగు కూడా ఆర్.సి.లో ఉండే వివరమే. అతనికి ట్యాంకు మొత్తం రంగు లేకుండా తెల్లటి అల్యూమినియంగా ఉండాలని కోరిక. నలుపు బండిని అలా మారిస్తే ఆర్.సి.లో కూడా మార్పించుకోవాలి. కాస్త బేరం నడిచాక, పక్కలకి నలుపు రంగు వేసి, పైన నడిమధ్య పట్టీ ఒక్కటే లోహంగా వదిలేద్దామని తేల్చుకున్నాం. చూడ్డానికి కూడా అదే బాగుందని నా నమ్మకం. నలుపు పక్కన ఉంటేనే లోహం ఎత్తి కనపడుతుంది.

టనెల్

ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ వచ్చే ప్రతి ఒక్కరూ ట్యాంకుని పక్క నుంచి చూపిస్తారు. జపాన్‌లో జీరో ఇంజనీరింగ్ మొదలుపెట్టి, తర్వాత కాలిఫోర్నియా వెళ్ళి చాబాట్ ఇంజనీరింగ్ పెట్టిన షిన్యా కిమురా బండ్ల ఫొటోలు ఇతని ఫోన్‌లో చాలా ఉన్నాయి. వాటిని చూసి ఉత్సాహపడని బాడీ మేస్త్రి ఉండడు, నేనూ అంతే. కానీ మేం పని మొదలుపెట్టింది ఫ్రేము పైగొట్టం కొలతతో.

ట్యాంకు కింద, ఆ గొట్టాన్ని అటూ ఇటూ కప్పుతూ ఉండే సొరంగం లాంటి భాగమే టనెల్. దీనికి 5052 రకం అల్యూమినియం, 2 మిల్లీమీటర్ల షీటు వాడాం. 5052లో మెగ్నీషియం కలుస్తుంది, కాబట్టి బలంగా ఉంటుంది, వెల్డింగ్‌కి బాగా లొంగుతుంది. సుత్తితో కొట్టి వంపులు తేవడానికి అంత అనువు కాదు, కానీ టనెల్‌కి అలాంటి వంపులు అక్కర్లేదు. మడత మిషన్ మీద మూలలు గుండ్రంగా వచ్చేలా వంచాం. మూల పదునుగా మడిస్తే పగులుకి మనమే చోటు చూపించినట్టు.

మౌంట్లు, అంటే ట్యాంకు ఫ్రేముకి ఆనే చోట్లు, మూడే పెట్టాం, ముందు రెండు, వెనక ఒకటి. నాలుగు పెడితే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. బండి గుంతలో పడ్డప్పుడు ఫ్రేము కొద్దిగా మెలి తిరుగుతుంది. నాలుగు చోట్ల బిగిస్తే ఆ మెలి మొత్తం ట్యాంకు మోయాల్సి వస్తుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి, ఫ్రేము మెలి తిరిగినా ట్యాంకు దానితోపాటు పక్కకి వొరుగుతుందే తప్ప మెలి తిరగదు.

ముందు రెండిటికీ బోల్టులు లేవు. ఫ్రేము గొట్టాన్ని రెండు ముక్కల క్లాంపుతో పట్టుకుని, దానికి రెండు వైపులా గుండ్రటి రబ్బరు బుడిపెలు పెట్టాం. ట్యాంకు లోపలి వైపు ఉన్న గిన్నెలు వాటి మీదికి జారి కూర్చుంటాయి. వెనక మాత్రం ఒక బోల్టు. దాని రబ్బరుకి పైన కింద పెద్ద వాషర్లు, మధ్యలో ఒక స్టీలు స్లీవు ఉంటాయి. ఆ స్లీవు పొడవు రబ్బరు మందం కంటే కొంచెమే తక్కువ. బోల్టుని ఎంత బిగించినా వాషర్ స్లీవుకి తగిలి ఆగిపోతుంది, రబ్బరు నలగదు. ఈ స్లీవుని కామాక్షిపాళ్యలో ఒక లేత్ షాపులో చేయించాం. చాలా చిన్న ముక్క. పాత ట్యాంకులో అది ఉండి ఉంటే రబ్బరు రబ్బరుగానే ఉండేది.

గిన్నెలు, వెనక చెవి అతికించే చోట టనెల్ షీటు మీద ముందు ఒక దన్ను పట్టీ వేశాం. దాన్ని చదరంగా కాకుండా ఆకు ఆకారంలో కోసి, అంచులు ఆకురాయితో పల్చగా అరగదీశాం. మందం ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గుతూ షీటులో కలవాలి. అప్పుడు అదురు ఒక్క గీత దగ్గర పోగవకుండా వెడల్పుగా పరుచుకుంటుంది.

టనెల్ మీదే లోపల ఒక అడ్డు పలక నిలబెట్టాం, పెట్రోలు అటూ ఇటూ ఎగిసిపడకుండా. దానికి పెద్ద చిల్లులు ఉంటాయి. ఈ పలకని టనెల్‌కే అతికించాలి, పైచర్మానికి తగలనివ్వకూడదు. తగిలితే అక్కడ బయటికి గీత కనపడుతుంది, కొన్నాళ్ళకి అదే పగులవుతుంది.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. టనెల్‌కి రెండు పక్కలా ట్యాంకు కిందికి దిగి ఉంటుంది కాబట్టి, పెట్రోలు తగ్గాక అది రెండు గుంటల్లా విడిపోతుంది. ట్యాప్ ఎడమ వైపు ఉంటే కుడి గుంటలోది దిగదు. కుడి వైపు కూడా చిన్న గొట్టం పెట్టి, కింద నుంచి పైపుతో రెండిటినీ కలిపాం. ఇప్పుడు పంపుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, మామూలు రబ్బరు పైపు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపే వేశాం. ఈ మోడల్‌లో పెట్రోల్ పంపు లేదు, పెట్రోలు దానంతటది కిందికి దిగాల్సిందే. కాబట్టి ట్యాంకు అడుగు, కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె కంటే అన్ని చోట్లా పైనే ఉండాలి. ఆకారం గీసేటప్పుడు ఈ గీత దాటి కిందికి రావడానికి వీల్లేదని అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో గీసి పెట్టుకున్నాం.

టనెల్, మౌంట్లు, పైపులు అయ్యేసరికి బయటికి కనపడే పని ఏమీ జరగలేదు. మొత్తం శ్రమలో మాత్రం దాదాపు సగం అయిపోయింది. ఓనర్ వారం వారం వచ్చి చూసేవాడు, ఒక మడత రేకు తప్ప ఏమీ కనపడేది కాదు. పాపం, ఓపిక పట్టాడు.

ఆకారం

ఆకారానికి మొదటి కొలత మనిషి. అతన్ని బండి మీద కూర్చోబెట్టి, చేతులు ఫోర్కు గొట్టాలకి బిగించే పొట్టి క్లిప్-ఆన్ హ్యాండిల్ మీద పెట్టించి, మోకాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో అట్ట మీద గుర్తు పెట్టాం. స్టీరింగ్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి, బొటనవేలికీ ట్యాంకుకీ మధ్య వేలు దూరే సందు ఉండేలా రెండు నొక్కులు అనుకున్నాం. కఫే రేసర్ ట్యాంకుల్లో ఈ సందు లేక యూ టర్న్‌లో వేళ్ళు నలిగే బండ్లు చాలా చూశాను.

తర్వాత 6 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు వంచి, టనెల్ మీదే ట్యాంకు ఆకారంలో ఒక పంజరం చేశాం. ప్లైవుడ్ అచ్చు కంటే కడ్డీల పంజరం నాకు ఇష్టం. షీటు పెట్టి చూస్తే ఎక్కడ అంటుకుంది, ఎక్కడ ఎడంగా ఉంది అనేది లోపలి నుంచి కూడా కనపడుతుంది. బండికి ఎక్కించి, పది అడుగుల దూరం నుంచి చూసి, మళ్ళీ వంచి, మళ్ళీ చూసి, ఇద్దరికీ నచ్చేదాకా ఇక్కడే మార్చుకోవాలి. కడ్డీని వంచడం నిమిషాల పని, కొట్టిన షీటుని మార్చాలంటే అది వేరే కథ.

పైచర్మాన్ని మూడు ముక్కలుగా విడదీశాం, ఎడమ పక్క, కుడి పక్క, పైన పట్టీ. అతుకు ఎక్కడ రావాలన్నది నేను ఒకే ప్రశ్నతో తేలుస్తాను. వెల్డింగ్ అయ్యాక అక్కడికి లోపలి నుంచి డాలీ (సుత్తి దెబ్బకి వెనక ఆన్చే ఇనుప దిమ్మ) పట్టుకున్న చెయ్యి చేరుతుందా? చేరితేనే అక్కడ అతుకు. చేరకపోతే ఆ అతుకుని సుత్తితో సరిచెయ్యలేం, పుట్టీ పెట్టక తప్పదు.

మసి, మంట, సుత్తి

పైచర్మానికి 3003 రకం, 2 మిల్లీమీటర్ల షీటు. ఇందులో కొద్దిగా మాంగనీసు ఉంటుంది, సుత్తికి బాగా సాగుతుంది. 6061 బలంగా ఉంటుంది కదా, అది వాడమని అడిగేవాళ్ళుంటారు. ముందే గట్టిపరిచి అమ్మే 6061 షీటు ఇలాంటి లోతైన వంపుకి పగులుతుంది, వెల్డింగ్ దగ్గర ఆ బలం ఎలాగూ పోతుంది.

బరువు గురించి ఒక మాట. అల్యూమినియం ఉక్కులో మూడోవంతు బరువే కాబట్టి ట్యాంకు కూడా మూడోవంతు అవుతుందని అనుకుంటారు. ఉక్కు సాంద్రత 7.85, అల్యూమినియంది 2.7. కానీ 20 గేజ్ ఉక్కు షీటు సుమారు 0.9 మిల్లీమీటర్లు, మనం వాడేది 2 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే అంతే వైశాల్యానికి బరువు దాదాపు నాలుగోవంతు మాత్రమే తగ్గుతుంది. అల్యూమినియం ఎంచుకోవాల్సింది అది సుత్తి మాట వినేతీరు కోసం, తుప్పు పట్టదు కాబట్టి. బరువు కోసం కాదు.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన హెచ్.ఎ.ఎల్.లో షీట్ మెటల్ పని చేసి రిటైరయిన తెలుగు మనిషి. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పేరుతో మొదలైన ఆ ఫ్యాక్టరీలోనే మన దేశపు మొదటి జెట్ ఫైటర్ మారుత్ తయారై 1961లో ఎగిరింది. విమానం చర్మం కొట్టిన చేతులు ఈ ఊళ్ళో ఉండబట్టే మాలాంటివాళ్ళకి ఈ విద్య దొరికింది. ఆయన మొదట నేర్పింది సుత్తి పట్టడం కాదు, షీటుని మెత్తబరచడం.

అల్యూమినియం కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇంకా కొడితే అంచు చిరుగుతుంది. కాల్చి మళ్ళీ మెత్తబరచాలి. ఇబ్బంది ఏంటంటే ఉక్కులాగా ఇది ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి కింద పడుతుంది. అందుకని గ్యాస్ కట్టర్‌లో ఆక్సిజన్ తగ్గించి, పొగ మంటతో షీటు మీద నల్లగా మసి పట్టించాలి. తర్వాత ఆక్సిజన్ పెంచి, మంటని ఒక చోట నిలపకుండా ఊపుతూ వేడి చెయ్యాలి. మసి మెల్లగా మాయమవుతుంది. మసి పోయిన చోట షీటు మెత్తబడింది, అక్కడి నుంచి మంట జరపాలి. థర్మామీటర్ అక్కర్లేదు, ఆ మసే కొలత.

షీటు ఎప్పుడు గట్టిపడిందో చెవికి తెలుస్తుంది. మెత్తటి షీటు మీద కొయ్యసుత్తి దెబ్బ ‘దబ్’మని పడుతుంది. గట్టిపడుతున్నకొద్దీ అది ‘టంగ్’ వైపు మారుతుంది. “సుత్తితో గొడవపడొద్దు నాయనా, ఆపి కాల్చు” అనేవారు పెద్దాయన. మా షాపులో కొత్తగా చేరిన పిల్లలకి నేను అదే చెబుతాను.

కొట్టడం తోలు ఇసుక సంచి మీద. మధ్యలో కొడితే షీటు సాగి గిన్నెలా దిగుతుంది. అది సగం పనే. అంచుల దగ్గర షీటు ఎక్కువై అలలు లేస్తుంది, దాన్ని కుదించాలి. అంచుని పటకారుతో చీర కుచ్చిళ్ళలాగా మడతలు పెట్టి, మడత చివర తప్పించుకోకుండా ముందు దాన్ని బంధించి, తర్వాత కొయ్యసుత్తితో మెల్లగా దానిలోకే కొడితే లోహం నిజంగా దగ్గరికి జరిగి మందమవుతుంది. మడత పక్కకి వాలి ఒకదాని మీదొకటి పడితే అంతే, అది చిరుగే. ముందు భాగం గుండ్రం దగ్గర ఈ కుదింపు పని ఎక్కువ పడింది. నాకు మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

గరుకుగా ఆకారం వచ్చాక ఇంగ్లిష్ వీల్. పైన చదును చక్రం, కింద వంపు చక్రం, మధ్యలో షీటు. గీత పక్కన గీతగా నడుపుతుంటే సుత్తి గుంతలు కలిసిపోతాయి. ఎత్తుపల్లాలు వెతకడానికి ట్యూబ్‌లైట్ కింద పెట్టి షీటు మీద పడే దాని వెలుగు గీత ఎక్కడ వంకర పోతుందో చూడాలి. ఇంకో పద్ధతి, అరచేతికీ షీటుకీ మధ్య పల్చటి నూలు గుడ్డ పెట్టి నిమరడం. వట్టి చెయ్యి షీటుకి అతుక్కుంటుంది, గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, కంటికి కనపడని పల్లం కూడా వేళ్ళకి తెలుస్తుంది.

ఎడమ పక్క సంతృప్తిగా వచ్చాక, కుడి పక్క దానికి అద్దంలో బొమ్మలాగా రావాలి. దీనికి మేం చేసేది టేపు అచ్చు. ఎడమ పక్క మీద మాస్కింగ్ టేపు ఒక పొర, దాని మీద గాజు దారాలున్న ప్యాకింగ్ టేపు అడ్డంగా నిలువుగా వేస్తాం. గాజు దారం సాగదు. ఒలిచి తీస్తే ఆ ఆకారం వైశాల్యం మొత్తం చేతికొస్తుంది. లోపలి వైపు బయటికి తిప్పితే అదే కుడి పక్క అచ్చు. కొత్త షీటు మీద పరిచి, టేపు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ లోహం ఇంకా సాగాలి, ఎక్కడ బిగిస్తే అక్కడ కుదించాలి. కొలబద్దతో కుదరని పని ఈ టేపుతో అవుతుంది.

అతుకులు

పైచర్మం ముక్కలు కలపడానికి ఆర్గాన్ వెల్డింగ్, ఎ.సి. కరెంటు మీద. అల్యూమినియం మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, లోపలి లోహం 660కే కరుగుతుంది. ఎ.సి. కరెంటు ఆ పొరని ఛేదిస్తుంది. అయినా అల్యూమినియంకే వాడే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో తోమి, అసిటోన్‌తో తుడవకుండా మొదలుపెట్టం.

పై అతుకులకి బయట దొరికే వెల్డింగ్ కడ్డీ వాడలేదు. అదే 3003 షీటు నుంచి సన్నటి పేలికలు కోసి కడ్డీగా వాడాం. మామూలుగా వాడే సిలికాన్ కడ్డీతో వచ్చే అతుకు సుత్తికి అంతగా సాగదు, పాలిష్ చేశాక నల్లటి గీతగా కనపడుతుంది కూడా. లోహంగా వదిలే పట్టీ పక్కన ఆ గీత వస్తే ఇంత కష్టపడి లాభం లేదు. కింద టనెల్‌కీ పైచర్మానికీ కలిపే అంచుకి మాత్రం బలం కోసం మెగ్నీషియం ఉన్న 5356 కడ్డీ.

వెల్డింగ్ చల్లారేటప్పుడు కుదించుకుని చుట్టుపక్కల షీటుని లాగేస్తుంది. ఆకురాయితో పూసని సగం వరకు దించి, లోపల డాలీ పెట్టి పైన సుత్తితో అతుకుని కొట్టి మళ్ళీ సాగదీస్తే లాగుడు పోతుంది. ఇది నిదానంగా చేసే పని. టనెల్ మూసే ముందే ఇదంతా అయిపోవాలి, ఆ తర్వాత చెయ్యి లోపలికి పోదు.

తోక గురించి ఎక్కువ చెప్పేది లేదు. అదే షీటు, రెండు ముక్కలు, ఒక అతుకు. సీటుకీ మడ్‌గార్డుకీ కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే రబ్బరు పెట్టి ఎక్కించాం. నంబర్ ప్లేటు, ఇండికేటర్లు, టెయిల్ లైటు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంకి నేరుగా తగిలి తడిస్తే అల్యూమినియం తినేసుకుంటుంది, కాబట్టి ప్రతి చోటా నైలాన్ వాషర్.

గాలి, పెట్రోలు, రోడ్డు

లీకు పరీక్షకి గాలి పట్టించేటప్పుడు 3 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడి) దాటనివ్వం. అది చిన్న అంకెలా ఉంటుంది గానీ, చదరపు అడుగు షీటు మీద 3 పి.ఎస్.ఐ. అంటే దాదాపు 195 కిలోల తోపుడు. కంప్రెసర్ నేరుగా పెట్టి ట్యాంకు ఉబ్బించుకున్నవాళ్ళు ఉన్నారు. సైకిల్ పంపు, చిన్న గేజ్, సబ్బు నీళ్ళు చాలు. ఆ తర్వాత పెట్రోలు పోసి రాత్రంతా కాగితం మీద పెట్టి ఉంచాం. లోపల ఎపాక్సీ పూత వెయ్యలేదు. లీకు ఆపాల్సింది వెల్డింగే, పూత కాదు. పైగా అన్ని పూతలూ ఇథనాల్‌కి ఆగవు.

లీటరు డబ్బాతో కొలిస్తే దాదాపు 11 లీటర్లు పట్టింది. కంపెనీ ట్యాంకుకి 13.5 లీటర్లు. ఫుల్ ట్యాంకుతో వెళ్ళే దూరం ఆ మేరకు తగ్గుతుందని మొదటే చెప్పి ఉన్నాం.

రంగు వెయ్యకముందే బండిని రోడ్డెక్కించాం. దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం, మళ్ళీ వెనక్కి. హైవే వేగం, ఊళ్ళ దగ్గర స్పీడ్ బ్రేకర్లు, పాడైన తారు, అన్నీ ఉన్న దారి అది. వచ్చాక ట్యాంకు దించి మూడు మౌంట్ల చుట్టూ మళ్ళీ ఆ మూడు డబ్బాల పరీక్ష చేశాం. తెల్ల పొడి తెల్లగానే ఉంది. అప్పుడే పెయింటింగ్‌కి పంపాం. అల్యూమినియం మీద రంగు నేరుగా పట్టదు, ముందు దానికి తగిన ప్రైమర్ పడాలి. లోహంగా వదిలిన పట్టీని స్కాచ్ బ్రైట్‌తో ఒకే దిశలో రుద్ది మైనం పట్టించాం. బెంగళూరు గాలికి ఇది చాలు. చెన్నై బండయితే ఉప్పు గాలికి చుక్కలు పడతాయి కాబట్టి క్లియర్ కోటు వెయ్యమని చెప్పేవాణ్ణి.

ఓనర్‌కి బండి ఇచ్చేటప్పుడు ఒక కాగితం కూడా ఇచ్చాం. ప్రతి సర్వీసుకీ వెనక బోల్టు, ముందు రబ్బర్లు చూడాలి. రబ్బరు గట్టిపడితే ఎదురుచూడకుండా మార్చాలి. వాటి కొలతలు అదే కాగితం మీద ఉన్నాయి, ఏ ఊళ్ళో అయినా చేయించుకోవచ్చు. ఒక వానాకాలం గడిచాక తీసుకొస్తే మరోసారి ఎర్ర రంగు పరీక్ష చేశాం, ఏ పగులూ లేదు. ఇప్పుడు ముందు హాఫ్ ఫెయిరింగ్, అంటే హెడ్‌లైట్ చుట్టూ గాలిని చీల్చే తొడుగు, కావాలంటున్నాడు. దాన్ని ఫోర్కుకి కడితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఫ్రేముకి కట్టాలంటే వెల్డింగ్ లేకుండా క్లాంపులతోనే మూడు బిందువులు వెతకాలి. రెండు బిందువులు దొరికాయి, మూడోదానికి అట్ట కోసి చూస్తున్నాం.